వేటజాగిలము: స్వభావము, పోషణము

చంద్రశేఖరపురము మండలమున కొండల నడుమ భైరవకోన యను క్షేత్రము కలదు. కొండరాతిని తొలిచి మలచిన ఎనిమిది శివాలయములను, వాటి చెంతనే పైనుండి దుముకు జలపాతమును చూచుటకు మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి ప్రాంతముల ప్రజలు ఏటేట తరలి పోవుచుందురు. ఆ కోనకు క్షేత్రపాలకుడు భైరవుడు; భైరవునికి వాహనము శునకము. దేవుని ముంగిట చేతులు జోడించిన మనమే, ఇల్లు చేరిన పిమ్మట గడప దగ్గరకు వచ్చిన కుక్కను 'ఛీ' యని అదలింతుము. మన వాఙ్మయమున కుక్కకు సయితము న్యాయమడుగు హక్కు కలదు. ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున, తప్పు చేయని తన పిల్లను కొట్టినందులకు సరమ యను దేవశునకము జనమేజయ మహారాజునే నిలదీసినది. కుక్కకు సారమేయమను పేరు ఆ సరమనుండి వచ్చినదే.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఊరకుక్కను గూర్చి కాదు, జాగిలమును గూర్చి. వార్తాపత్రికలలో 'పోలీసు జాగిలము' అను మాట తరచుగా కనబడుటచే, జాగిలమనగా వాసన పట్టి దొంగను చూపునదని పలువురు తలంతురు. వేటకుక్కలు రెండు తెగలు. ఒకటి ముక్కును నమ్ముకొని, నేలను వాసన చూచుచు, జాడ తప్పక పోవునది. రెండవది కన్నును నమ్ముకొని, దూరమున కదలినదానిని చూచినంతనే బాణము వలె దూసుకొని పోవునది. మన దక్కను పీఠభూమిలో పేరుపొందిన ముధోలు జాగిలము ఈ రెండవ తెగలోనిది. దీనికే కారవాన్ జాగిలమను పేరును కలదు.

ఇచ్చట ఒక సందేహము తీర్చుట అవసరము. ముధోలనగానే మన తెలంగాణములో బాసర క్షేత్రమునకు సమీపముననున్న ముధోలు జ్ఞప్తికి వచ్చును. జాగిలమునకు పేరిచ్చినది అది కాదు. కర్ణాటకములోని బాగలకోట జిల్లా ముధోలు. పూర్వము ఘోర్పడే వంశీయుల సంస్థానము అది. ఆ సంస్థానాధీశుడైన మాలోజీరావు ఘోర్పడే పల్లెలలో వేటగాండ్ర చెంతనున్న ఈ కుక్కల వేగమును చూచి ముచ్చటపడి, మేలైనవానిని ఏరి, సంస్థానముననే వంశాభివృద్ధి చేయించెను. బ్రిటిషు చక్రవర్తి అయిదవ జార్జికి ఒక జంటను బహూకరించెననియు, ముధోలు పేరు పైదేశములకు తెలిసినది అప్పటినుండియే ననియు ప్రసిద్ధి.

అంతకు పూర్వపు చరిత్ర ఇంకను పాతది. పల్లెజనులు దీనిని 'కార్వానీ' అందురు. అనగా బిడారులతో వచ్చినది. మధ్య ఆసియా, అరేబియా, పారశీక దేశములనుండి గుఱ్ఱములతో, సరకులతో దక్కనుకు వచ్చిన వర్తకులు, సైనికులు తమ వెంట తెచ్చిన కుక్కల సంతతియే ఇదియని చెప్పుదురు. అరబ్బుల సలూకీ, మధ్య ఆసియాలోని తాజీ అను జాగిలములకును దీనికిని రూపమున గల పోలిక చూచినవారు ఆ మాటను సులువుగా నమ్ముదురు. సన్నని మొగము, లోతైన రొమ్ము, లోనికి పోయిన పొట్టగల కుక్కలు ప్రాచీన ఈజిప్టు సమాధుల గోడలపై చిత్రింపబడి యున్నవి. వేలయేండ్లుగా మనుష్యుడు ఈ ఆకారమును వదలిపెట్టలేదు. వేగమునకు ఇంతకు మించిన ఆకారము దొరకకపోవుటయే అందుకు కారణమై యుండును.

ఆ ఆకారమును కొంచెము పరిశీలింతము. భుజమువద్ద ఎత్తు సుమారు 25 మొదలు 29 అంగుళముల వరకు ఉండును. పోతులు ఎత్తరులు, ఆడువి కొంచెము పొట్టివి. ఇంత ఎత్తున్నను బరువు పాతిక కిలోలకు అటునిటు మాత్రమే. తల పొడవుగా, ఇరుకుగా ఉండి, కన్నులు ప్రక్కలకు జరిగియుండుటచే మనుష్యునికంటె చాల విశాలమైన మేర ఒక్కచూపునకు అందును. మెడ పొడవు. రొమ్ము మోచేతుల వరకు దిగి, లోపలి గుండెకు, ఊపిరితిత్తులకు చాలినంత తావిచ్చును. నడుము కొద్దిగా విల్లువలె వంగియుండును. పరుగెత్తునప్పుడు ఈ విల్లు ముడుచుకొనుచు, విచ్చుకొనుచు నుండును. గుఱ్ఱము దౌడులో ఒక్కొక్క అంగకు ఒక్కసారి మాత్రమే నాలుగు కాళ్లును నేలను వీడును. జాగిలమునకు ఒక్క అంగలోనే రెండుసార్లు, కాళ్లు ముడిచినప్పుడొకసారి, చాచినప్పుడొకసారి, దేహమంతయు గాలిలో నుండును. వెండ్రుకలు పొట్టివి, నునుపైనవి. చెవులకును తోకకును కుచ్చులు గల రకమును 'పష్మీ' అందురు.

తెలుగువారికి జాగిలములతో మరియొక బాంధవ్యము కలదు. తమిళనాడులోని రాజపాళయమునకు ఆ పేరు వచ్చుటకు కారకులైన రాజులు తెలుగు దేశమునుండి దక్షిణమునకు వలసపోయినవారు. నేటికిని వారి ఇండ్లలో తెలుగు మాట్లాడుదురు. తెల్లని మేను, గులాబిరంగు ముక్కు గల రాజపాళయపు కుక్క ఆ ఊరిపేరనే లోకమునకు తెలిసినది. అడవిపందులను ఎదిరించుటకును, ఇంటిని కాచుటకును దానిని పెంచిరి. ఆ తెల్లదనమునకు ఒక మూల్యము కూడ కలదు: కొన్ని పిల్లలు పుట్టుకతోనే చెవిటివగును. అందుచే దానిని కొనువారు వెనుకనుండి చప్పట్లు కొట్టి పరీక్షించి కొనుట మంచిది.

2005 జనవరి 9వ తేదీన భారత తపాలాశాఖ నాలుగు దేశీయ శునకజాతుల బిళ్లలు వెలువరించినది. హిమాలయపు గొఱ్ఱెలకాపరి కుక్క, రాంపూరు జాగిలము, రాజపాళయపు కుక్కలతో పాటు ముధోలు జాగిలమునకును అందు చోటు లభించినది. 2016లో మీరటులోని సైనిక పశువైద్య కేంద్రమునకు ముధోలు పిల్లలను శిక్షణార్థము పంపిరి. 2020 ఆగస్టు 30వ తేదీన ప్రధానమంత్రి ఆకాశవాణిలో ప్రసారమగు 'మన్ కీ బాత్'లో దేశీయ జాతులను పెంపుడని చెప్పుచు దీని పేరు చెప్పిరి. ఆ ప్రసంగమును మీలో పలువురు వినియే యుందురు.

ఈ కీర్తి అంతయు మేలే చేసినదని మేము చెప్పజాలము. పేరు వినినంతనే పిల్లను తెచ్చుకొనువారు అధికులైరి. అరచేత ఇమిడినప్పుడు ముద్దుగా నుండిన పిల్ల, ఏడాది తిరుగకమునుపే మంచము పొడవు పెరిగి, గోడ దాటి దూకి, ఎదురింటి కోడిని పట్టును. అప్పుడు మెడకు గొలుసు పడును. గొలుసు పడిన జాగిలము అరచును, మన్ను త్రవ్వును, గుడ్డలు చింపును. తుదకు ఒకనాటి రాత్రి ఎవరో దానిని బండిలో ఎక్కించి, పొలిమేర దాటించి వదలి వత్తురు. తప్పు ఆ కుక్కదని అందురు. అది తప్పు చేయలేదు. దానికి పని లేకపోయినది, అంతియే.

దాని పని వేట. ఆ పని నేడు మన దేశమున నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జింక మాట అటుంచి, చెవులపిల్లిని కూడ వేటాడరాదు. రాత్రివేళ లైట్లు కట్టుకొని, కుక్కలను తోలుకొని బీళ్లవెంట, కొండవాలులవెంట తిరుగు అలవాటు కొందరికి ఇంకను పోలేదు. 'మా తాతలనాటి సరదా' యని వారందురు. తాతలనాడు అడవి ఎంత? నేడెంత? పైగా గిద్దలూరు, మార్కాపురములకు ఆనుకొనియున్న నల్లమలలో పెద్దపులి సంచరించుచున్నది. టీకాలు వేయని కుక్క అడవిలో ప్రవేశించినచో అది పట్టు కుందేటికంటె అది విడిచిపెట్టి వచ్చు రోగము ఎక్కువ హాని చేయును. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి అడవులలో డిస్టెంపరను కుక్కలవ్యాధి ప్రబలి, అచ్చటి సింహములలో మూడవవంతు నశించినవి. 2018లో మన గిర్ అడవిలో 20కి పైగా సింహములు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నింట ఆ వ్యాధిక్రిమియే కనబడినది. పులికి ఆ భయము లేదనుటకు వీలులేదు.

పని పోయిన కుక్కకు ఏమగునో చూడవలెనన్న దూరము పోనక్కరలేదు. కొల్లేటి ప్రాంతమున జోనంగి యను జాతి యొకటి కలదు. పొట్టివెండ్రుకల మేను, ముడుతలు పడిన నొసలు, మొరుగుటకు మారుగా రాగము తీసినట్టి కూత, నేలలో గొయ్యి త్రవ్వుకొని పడుకొను అలవాటు దాని గురుతులు. బాతుల మందలను త్రోలువారికి అది కుడిభుజముగా నుండెడిది. వరిచేలు, మడుగులు చేపల చెరువులైన పిమ్మట బాతుల మందలు తగ్గెను. చెరువులో చేపను పట్టు కుక్క చెరువుల యజమానికి శత్రువాయెను. నేడు మేలైన జోనంగిని వెదకి చూడవలసి వచ్చుచున్నది. ముధోలు జాగిలమునకు ఆ గతి పట్టకుండవలెనన్నచో, వేటకు బదులుగా ఇంటివారు దానికి ఏమి ఇయ్యగలరో ముందుగానే ఆలోచించుకొనవలెను.

ఇయ్యవలసినవానిలో మొదటిది పరుగు. వీధిలో పలుపు పట్టుకొని పది నిమిషములు త్రిప్పుట నడక యగును గాని పరుగు కాదు. దినమునకొకసారియైనను, కంచెగల తోటలోనో, నలువైపుల గోడగల ఖాళీ స్థలముననో దానిని విప్పి వదలవలెను. అది పావుగంటసేపు పిచ్చిగా చుట్లు తిరిగి, నాలుక వ్రేలాడవేసికొని వచ్చి మీ కాళ్లకడ పడుకొనును; తక్కిన దినమంతయు మూలనుండి కదలదు. ఈ జాతి ఇంట ఇంత నెమ్మదిగా నుండునని చూడనివారు నమ్మరు. కంచె లేని చోట మాత్రము విప్పరాదు. దూరమున మేకపిల్ల కదలెనా, మీ పిలుపు దాని చెవికి ఎక్కదు. అది అవిధేయత కాదు. చూచినంతనే పరుగెత్తు కుక్కలనే తరతరములుగా మనుష్యుడు ఏరి పెంచినాడు. ఇప్పుడు నిలువుమన్న ఎట్లు నిలుచును?

పలుపు కట్టుటకు మామూలు మెడపట్టె పనికిరాదు. జాగిలమునకు మెడకంటె తల సన్నము. వెనుకకు ఒక్క గుంజు గుంజినచో పట్టె ఊడి చేతికి వచ్చును. రెండంగుళముల వెడల్పుగల మెత్తని తోలుపట్టెను చెవులకు దిగువగా బిగువు చూచి కట్టవలెను. దీపావళి టపాకాయల రాత్రి దీనిని తప్పక లోపలి గదిలో ఉంచుడు. బెదరి పారిపోయిన జాగిలమును తెల్లవారునప్పటికి ఏ ఊరిలో వెదకవలెనో చెప్పజాలము.

ఎండను గూర్చి మన ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలెను. ఇది మెట్టసీమకు అలవాటుపడిన జాతియే, ఊలుకుక్కలకంటె ఎండను ఓర్చునదియే. అయినను కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. రొప్పుటయే దానికి చల్లదనము. వైశాఖ, జ్యేష్ఠములలో సూర్యోదయమునకు పూర్వము, మరల సూర్యాస్తమయము పిమ్మట మాత్రమే పరుగెత్తింపవలెను. అరచేతి వెనుకభాగమును నేలకు ఆనించి చూచి, అది కాలినచో కుక్కను నడిపింపకుడు. కుక్కకు మామూలు దేహోష్ణము 101, 102 డిగ్రీల ఫారన్‌హీటు. అది 106 దాటినచో ప్రాణాపాయము. వడదెబ్బ తగిలి తూలుచున్న కుక్కను నీడకు చేర్చి, పొట్టమీద, తొడల మధ్య మామూలు నీరు పోయుచు, విసరుచు వైద్యునికడకు తీసికొని పోవలెను. మంచునీరు పోయరాదు.

ఆహారము విషయమున పెద్ద ఆర్భాటము అక్కరలేదు. జొన్నరొట్టె, సజ్జసంకటి, పాలు, మజ్జిగ, గ్రుడ్డు, వీలైనప్పుడు ఉడికించిన మాంసము దీనికి సరిపోవును. పిండి ఒక్కటే పెట్టి మాంసకృత్తులు మాన్పినచో కండ పట్టదు. ఇంటిలో మిగిలిన పులుసన్నము పెట్టు అలవాటు మన ఆడపడుచులకు కలదు; అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్కకు రక్తక్షయము కలిగించునని వారికి తెలియుట మంచిది. ద్రాక్ష, కిసిమిసి, చాక్లెట్టు విషతుల్యములు. ఉడికిన కోడియెముకలు చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును. తిండి ఒక్కసారే కడుపునిండ పెట్టక, ఉదయము, సాయంకాలము పంచి పెట్టి, పిమ్మట రెండు గంటలసేపు పరుగెత్తనీయరాదు. లోతైన రొమ్ముగల కుక్కలకు నిండుకడుపుతో గంతులు వేసినప్పుడు కడుపు ఉబ్బి మెలిపడు ప్రమాదము కలదు. అట్లు మెలిపడినచో గంటలలో ప్రాణము పోవును. పొట్ట బిగిసి, వాంతి రాక ఓకరించుచున్నచో వెంటనే వైద్యుని పిలువవలెను.

మరియొక మాట. జాగిలమునకు తుదియందలి రెండు మూడు ప్రక్కటెముకలు పైకి కనబడుచుండవలెను. చుట్టములు వచ్చి 'పాపము, కుక్కను మాడ్చుచున్నారే' యని నొచ్చుకొందురు. వారి మాట విని మేపినచో కీళ్లు చెడును.

స్వభావము చెప్పుకొనవలసినంత విచిత్రము. ఇది అందరికడకు పోయి తోకాడించునది కాదు. క్రొత్తవారు తాకినచో ఒడలు ముడుచుకొని ప్రక్కకు తొలగును. ఇంటనున్న పదిమందిలో ఒకరినో, ఇద్దరినో తనవారిగా ఎన్నుకొని వారి అడుగుల చప్పుడు కొరకు వేచియుండును. గద్దించి పలికినచో దినమంతయు తిండి మానుకొని అలిగి పడుకొనును. కొట్టినచో చెడిపోవును, భయమే దాని స్వభావమగును. భయపడిన కుక్కయే కరచును. నేర్పవలసినది మెల్లగా, చిన్నతనమునుండియే, తినుబండారము చేతబట్టి నేర్పవలెను. కాపలాకు దీనిని తెచ్చుకొనువారు కొంత నిరాశపడుదురు. చూచును, వినును, మొరుగును. కాని మీదపడి పట్టుటకై దీనిని రెచ్చగొట్టుట పొరపాటు. పిల్లులు, కోళ్లు, కుందేళ్లు గల ఇంట పసితనముననే వాటి మధ్య పెరిగినచో కొంత ఓర్చుకొనును, పూర్తిగా నమ్మరాదు.

గొలుసును గూర్చి పైని సూచించితిమి. శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి చేసిన కృషికి ఫలముగా వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమున, ఎప్పుడును గొలుసుతో కట్టియుంచిన కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుట నేరమని స్పష్టముగా వ్రాయబడినది. ఈ సంగతి కుక్కలు గల ఇండ్లలో నూటికి తొంబదింట తెలియదని మా ఊహ.

ఇక ఆరోగ్యము. ఆరు ఎనిమిది వారముల వయస్సున డిస్టెంపరు, పార్వో వ్యాధులకు టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొకసారి చొప్పున నాలుగవ నెల వరకు మరల వేయింపవలెను. మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధికి టీకా, ఆపై వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట. పాశ్చరు మహాశయుడు 1885 జూలై 6న ఒక బాలునికి ఈ వ్యాధికి మొదటిసారి టీకా వేసిన జ్ఞాపకార్థము, ఆనాడు మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. ఏ కుక్క కరచినను, గీరినను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పావుగంటసేపు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము అద్ది ఊరకుండరాదు.

పిడుదులు మన ప్రాంతపు గొఱ్ఱెల మందలనుండి, పశువుల కొట్టములనుండి వచ్చి చెవుల లోపల, వ్రేళ్ల నడుమ చేరును. అవి రక్తము పీల్చుటే కాక జ్వరము తెచ్చును. పొట్టివెండ్రుకల కుక్క కనుక దినమునకొకసారి చేతితో నిమిరి చూచినచో దొరకిపోవును. నట్టల మందు వేళ తప్పక వేయింపుడు. శస్త్రచికిత్స అవసరమైనచో, ఇది జాగిలజాతి యని వైద్యునికి ముందుగా చెప్పుట మరువకుడు. దేహమున క్రొవ్వు మిక్కిలి తక్కువగుటచే, థయోపెంటల్ వంటి మత్తుమందులనుండి ఈ జాతులు ఇతర కుక్కలవలె త్వరగా తేరుకొనవు.

పిల్లను కొనదలచినవారు తల్లిని చూడకుండ కొనరాదు. తల్లి భయస్థురాలైనచో పిల్లలును అట్లే యుండుట కద్దు. ఎనిమిది వారములు నిండకమునుపు తల్లికడనుండి వేరుచేయరాదు. ముధోలు చెంత తిమ్మాపురమున కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయము వారు ఈ జాతికై ఒక పరిశోధన కేంద్రము నడుపుచున్నారు. అచ్చటి కుక్కలను ఒకసారి చూచినచో మేలిరకమేదో కంటికి తెలియును.

పడక సంగతి తుదకు చెప్పుచున్నాము. ఎముకల మీద మెత్తదనము లేకపోవుటచే, గచ్చునేలమీద పడుకొన్న జాగిలమునకు మోచేతులకడ కాయలు కాచి, పుండ్లు పడును. పుష్యమాసపు చలికి పలుచని చర్మము వణకును. గోనెసంచిలో ఎండుగడ్డి నింపి మూలన పరచినచో చాలును. వారమునకొకసారి గడ్డి మార్చి, సంచిని ఎండలో దులుపవలెను.